నీళ్ల పెట్టె

బోరు లారీ వెళ్లిపోయేసరికి చీనీ బత్తాయి తోటంతా తెల్లటి రాతిపిండి మిగిలింది. తొమ్మిది వందల ఇరవై అడుగుల లోతు నుంచి పైకొచ్చిన పిండి. ఆకుల మీద, డ్రిప్పు పైపుల మీద, గట్టున ఆరేసిన తువ్వాల మీద, పొద్దున శివలీల కొట్టిన టెంకాయ చిప్పల్లో, అంతటా అదే. తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా ఆ బెజ్జంలోంచి ఒక్క తడి ఉండ రాలేదు. ఆరు వందల అడుగుల దగ్గర లారీ మేస్త్రీ ఆపుదామా అని అడిగితే "ఇంగో నూరు" అంది శివలీల. ఏడు వందల దగ్గరా అదే మాట, ఎనిమిది వందల దగ్గరా అదే మాట. తొమ్మిది వందల ఇరవై దగ్గర మేస్త్రీ ఎవరినీ అడక్కుండా మిషన్ ఆపేసి, రాడ్లు పైకి లాగించుకుని వెళ్లిపోయాడు. ఆవిడ మొహం చూడ్డం ఇష్టం లేక తల పక్కకి తిప్పుకునే వెళ్లాడు.

ఆ బెజ్జం ఎక్కడ వేయాలో చూపించినవాడు మునీంద్ర. శివలీలకి సొంత తమ్ముడు.

మునీంద్ర బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో కరెంటు పని చేస్తాడు. ఐటిఐ చదివాడు, ముప్పై రెండేళ్లొచ్చాయి, ఇంకా పెళ్లి కాలేదు. డ్యూటీ దిగి రూముకి వస్తే అతని లోకమే వేరు. అగ్గిపెట్టెకి అన్నలా ఉండే నీలం రంగు బోర్డు ఒకటి ముందు పెట్టుకుని, ఫోన్లో వీడియోలు చూస్తూ, దానికి వైర్లు తగిలించి, ప్రోగ్రాము రాసి ఎక్కించి, అది చెప్పినట్టు వింటుంటే మురిసిపోతాడు. ఇంటి ఓనరు నీళ్ల ట్యాంకు నిండితే కూత పెట్టే పరికరం చేశాడు. పక్కింటివాళ్ల కోళ్ల గూటికి తెల్లవారగానే దానంతటదే తెరుచుకునే తలుపు పెట్టాడు. అది మబ్బు పట్టిన రోజు తెరుచుకోకపోతే ఆ ఇంటావిడ చేత చీవాట్లు కూడా తిన్నాడు. "వీనికి పనీపాటా లేదు" అని ఫ్యాక్టరీలో నవ్వేవాళ్లు. ఎవరికీ చెడు చేయని పిచ్చి అది. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

ఆగలేదు. పోయినేడు ఎండాకాలంలో నేలలో తడి ఉందో లేదో చూసే పెట్టె ఒకటి చేశాడు. పెద్ద విద్యేమీ కాదు. నాలుగు ఇనుప కడ్డీలు వరసగా నేలలో దిగ్గొట్టాలి. ఆ చివర, ఈ చివర ఉన్న రెండింటిలోంచి కాస్త కరెంటు పోతుంది, మధ్య రెండూ ఆ కరెంటు మట్టిలో ఎంత సులువుగా పారిందో కొలుస్తాయి. కొలిచినదాన్ని బోర్డు ఒక అంకెగా మార్చి చిన్న తెర మీద చూపిస్తుంది. పెద్ద అంకె వస్తే అడుగున తేమ, చిన్న అంకె వస్తే పొడి. మొదట్లో అంకె ఊరికే గెంతుతుంటే చూడ్డానికి బాగాలేదని, ఇరవైసార్లు కొలిచి సగటు చూపించేట్టు ప్రోగ్రాము మార్చాడు. ఆ తర్వాత అంకె నెమ్మదిగా, హుందాగా కదలడం మొదలుపెట్టింది. ఈ సగటు సంగతి మీరూ కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇంకో పని కూడా చేయాల్సింది, చేయలేదు. వైరు ఊడిపోతే అంకె సున్నాకి పడిపోవాలంటే లోపల ఒక రెసిస్టరు పెట్టాలి. రూపాయి వస్తువు. అది లేకపోతే, ఊడిన వైరు గాల్లో ఉన్న కరెంటు వాసననంతా పట్టుకుని నోటికొచ్చిన అంకె చెబుతుంది. ఈ సంగతి మునీంద్రకు తెలుసు. రెసిస్టర్ల కట్ట సొరుగులోనే ఉంది. రేపు పెడదాంలే అనుకున్నాడు. రేపు రేపు అంటూ దసరా వచ్చింది.

దసరాకి అక్క ఊరికి, కడప జిల్లాలో పులివెందుల అవతల ఉన్న ఆ పల్లెకి, పెట్టె పట్టుకుని వెళ్లాడు. చూపించి మెప్పు పొందుదామని, ఇంకేం లేదు. శివలీల నలభై దాటిన మనిషి, తమ్ముడి కన్నా పదేళ్లు పెద్దది, తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది. తమ్ముడు ఏది చేసినా ఆమెకి గొప్పే. ఆయుధ పూజ రోజు కొడవళ్లు, పారలు, మోటారు స్టార్టరు, బావ మోటారు సైకిలు, అన్నీ కడిగి వరసలో పెట్టి, ఆ వరస మొదట్లో తమ్ముడి పెట్టెని పెట్టింది. "నీళ్లు చూపించే పెట్టె, దీనికే మొదటి బొట్టు" అంది. తడిబట్టతో నాలుగు పక్కలా శుభ్రంగా తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ చుట్టింది. నీళ్ల పెట్టె అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

పూజ అయిన రెండో రోజున సోమన్న వచ్చాడు. బావకి వరసకి తమ్ముడు, వాగు వంక పక్కన చేను. "ఊరికే ఒకసారి చూడప్పా" అన్నాడు. మునీంద్ర కడ్డీలు దిగ్గొట్టి చూశాడు, ఒకచోట పెద్ద అంకె వచ్చింది, అక్కడ బోరు వేస్తే నాలుగు వందల అడుగులకే రెండంగుళాల నీళ్లు పడ్డాయి. వంక పక్కనే ఇంకొకరు అడిగారు, అక్కడా పడ్డాయి. ఇంకేముంది! ఊరు ఊరంతా పెట్టె చుట్టూ తిరిగింది. "ఇది పైన నలభై యాభై అడుగుల సంగతే చెప్తాది, అడుగున ఏముందో దీనికి తెలీదు" అని మునీంద్ర అందరికీ చెప్పాడు. విన్నవాడు లేడు. నిజం చెప్పాలంటే కొన్నాళ్లకి అతనూ తన మాట వినడం మానేశాడు. ఫ్యాక్టరీలో రోజూ చేతులకి గ్రీజు పూసుకునే మనిషిని పట్టుకుని పదిమంది అప్పా అప్పా అంటుంటే ఎవరికి మాత్రం చేదు?

పని పోయింది గోపన్నకి. అరవై ఏళ్లు దాటిన మనిషి. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేలో నడిచేవాడు, నీళ్లున్న చోట టెంకాయ నిలువుగా లేచి నిలబడేది. శివలీల తోటలో ఇంతకుముందు ఎండిపోయిన రెండు బోర్లూ ఆయన టెంకాయ చూపించినవే. అందుకే ఆవిడ ఈసారి ఆయన్ని పిలవలేదు.

తోట సంగతి చెప్పాలి. మూడు వందల చిల్లర చీనీ చెట్లు. తొమ్మిదేళ్ల కిందట మొక్కలు నాటినప్పుడు కరెంటు లేక, బిందెలతో మోసి పోసింది శివలీల. ఆమెకి పిల్లల్లేరు. చెట్లే పిల్లలు అని ఆవిడ ఎన్నడూ అనలేదు, అలాంటి మాటలు ఆవిడ నోట రావు. కానీ ఏ చెట్టు ఏ ఏడు మొదటి కాపు కాసిందో చెప్పగలదు. ఉన్న ఒక్క బోరూ ఈ మాఘమాసం నుంచి పొద్దున పది నిమిషాలు పోసి, తర్వాత గాలి కక్కుతోంది. ఆకులు ముడుచుకుపోయాయి. ఇంకో నెల తడి లేకపోతే కొమ్మలు పైనుంచి ఎండుకుంటూ వస్తాయి, అప్పుడిక వానొచ్చినా చెట్టు లేవదు. ఆ చుట్టుపక్కల అప్పటికే నాలుగు తోటలు కొట్టేశారు. రంపం మిషన్లవాళ్లు ఊళ్లోనే మకాం వేసి, ఒక తోట తర్వాత ఇంకో తోట కోసి కట్టెల లారీలకెత్తుతున్నారు.

బావ వీరభద్ర కొట్టేద్దామనే అన్నాడు. "కొట్టేసి బెంగళూరు పోదాం. ఇద్దరికీ యాడో ఒగచోట పని దొరక్కపోదు."

శివలీల ఒప్పుకోలేదు. తమ్ముడికి ఫోన్ చేసింది.

"అక్కా, అది ఆటవస్తువు. దాన్ని నమ్మి బోరెయ్యకూడదు" అన్నాడు మునీంద్ర.

"సోమన్న చేన్లో చూపించినప్పుడు ఆటవస్తువు గాదే? నా తోటకాడికొచ్చేసరికి ఆటవస్తువయ్యిందా? నేనేం పాపం చేసినా?"

మూడుసార్లు ఇదే మాట. మూడోసారి అతను కాదనలేకపోయాడు. కాదనలేకపోయాడు అనేది సగమే నిజం. అక్క తోటలో తన చేత్తో నీళ్లు పుట్టించాలన్న ఆశ అతనికీ పుట్టింది.

పోయిన ఆదివారం వచ్చి పాయింటు పెట్టాడు. అతను కడ్డీలు దిగ్గొడుతుంటే పెట్టె శివలీల పట్టుకుంది. ఏడు చోట్ల అంకె అటూ ఇటూగా మూడు వందలు, రెండు వందలు. ఈశాన్యం మూలకి వచ్చేసరికి శివలీల అలసిపోయి, పెట్టెని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో రొమ్ముకి హత్తుకుంది. అంకె కదిలింది. నాలుగు వందలు, నాలుగు వందల ఎనభై, ఐదు వందల యాభై, హుందాగా ఎక్కుతూ ఎక్కుతూ ఆరు వందల పన్నెండు దగ్గర నిలబడింది. అంత అంకె ఎక్కడా రాలేదు. "మునీ!" అని ఒక్క కేక పెట్టింది శివలీల. మునీంద్ర అక్కడే సున్నంతో గీత గీశాడు. మరుసటి రోజు ఆవిడ ఇంట్లో ఉన్న రెండు బర్రెలనూ సంతకి తోలించి, బోరు లారీకి మాటిచ్చింది.

ఆ గీత గీసిన చోటే ఇప్పుడు రాతిపిండి కుప్పగా ఉంది.

వీరభద్ర ఎవరినీ ఏమీ అనలేదు. అరిచి ఉంటే మునీంద్రకి కాస్త ఊపిరాడేది. పిండిని గుప్పెట్లోకి తీసుకుని నలిపి వదిలేసి, "తెల్లారితే రంపమోళ్లు పక్కూరికి పోతాండారంట. పోయి మాట్లాడొస్తా" అని తువ్వాల దులుపుకుని ఊళ్లోకి నడిచాడు. శివలీల ఇంట్లోకి వెళ్లి పడుకుంది. ఆమె పట్టపగలు పడుకోవడం మునీంద్ర తన జన్మలో చూడలేదు.

మోటారు షెడ్డు నీడలో కూర్చుని అతను పెట్టె ముందు పెట్టుకున్నాడు. కడ్డీలన్నీ మూట కట్టేసి పక్కనున్నాయి. ఏం చేయాలో తోచక పెట్టె స్విచ్చు వేశాడు. తెర వెలిగింది. మూడు వందల నలభై.

మొదట అతనికి అర్థం కాలేదు. తర్వాత మూట వైపు చూశాడు. కడ్డీలు మూటలో ఉన్నాయి. నేలకి దేన్నీ తగిలించలేదు. మరి ఈ మూడు వందల నలభై ఎక్కడిది? చెయ్యి దగ్గరికి తీసుకెళ్లాడు. అంకె ఎక్కింది. నాలుగు వందలు, ఐదు వందలు. చెయ్యి తీశాడు. నెమ్మదిగా, హుందాగా దిగింది.

పెట్టె పక్కన నాలుగు వైర్లు బిగించే ఆకుపచ్చ రంగు దిమ్మె ఉంది. ఒక్కో వైరూ పట్టుకుని లాగి చూశాడు. మూడోది, మట్టిని కొలిచే వైరు, వేలు తగలగానే ఊడి చేతిలోకి వచ్చింది. చూడ్డానికి బెజ్జంలోనే ఉంది గానీ స్క్రూ దాన్ని పట్టుకోలేదు. బెజ్జంలోకి వంగి చూశాడు. లోపల ఎండి అట్టకట్టిన పసుపు. ఆ పసుపులో ఒక నూలు పోగు, తడిబట్టది.

దసరా రోజు కళ్లముందు కదిలింది. అక్క చేతిలో తడిబట్ట, నాలుగు పక్కలా ఒత్తి ఒత్తి తుడవడం, బట్ట దిమ్మెకి తట్టుకుంటే విదిలించి లాగడం. అప్పుడు ఊడింది వైరు. అంటే దసరా తర్వాత ఈ పెట్టె చూపించిన ప్రతి అంకే గాలి. ఇరవై గాలులు కలిపి సగటు తీసి, నిజంలాగా కనపడేట్టు నున్నగా చేసి చూపించింది. ఆ నునుపు చేసింది తనే. సోమన్న చేను? అది వంక పక్కది, అక్కడ కళ్లు మూసుకుని ఎక్కడ వేలు పెట్టినా నీళ్లు పడతాయి. ఇక ఆరు వందల పన్నెండు? అది అక్క చేతులు. హత్తుకున్న అక్క ఒంటి నుంచి వచ్చిన అంకె.

మునీంద్రకి ఏడుపు రాలేదు. వస్తే బాగుండునని చాలాసేపు కూర్చున్నాడు.

"ఏమప్పా, పెట్టె ఇప్పినావే?"

గోపన్న. ఎప్పుడొచ్చాడో, షెడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. ఎగతాళికి వచ్చాడేమో అనుకున్నాడు మునీంద్ర. ఆ మొహంలో అలాంటిదేమీ లేదు. ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఎవరో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడనట్టుంది మునీంద్రకి. వైరు చూపించాడు, పసుపు చూపించాడు, చెయ్యి పెడితే అంకె ఎక్కడం చూపించాడు.

గోపన్న తన వేలు కూడా దగ్గరికి పెట్టి చూశాడు. అంకె లేచింది. వేలు వెనక్కి తీసుకున్నాడు.

"మనిషి చెయ్యి తగిల్తే లేస్తాది. నా టెంకాయా అంతేలే నాయనా."

"నీకు తెలుసా మామా?"

"మొదట్లో తెలీదు. నీ మాదిరే నాకూ నమ్మకమే. శానా ఏండ్ల కిందట ఒగపొద్దు ఇంట్లో ఎవరూ లేరు. మంచం మింద కూర్చోని ఊరికే అరచేతిలో పెట్టుకుంటి. లేసి నిలబడింది. నట్టింట్లో, మంచం మింద! ఆపొద్దు నాకు అన్నం దిగలేదు."

"మల్ల ఎందుకు మానుకోలేదు?"

"మానుకుంటి. రెండు నెల్లు. ఇంటికాడికొచ్చి ఏడిసేవాళ్లప్పా. లేదు, నాకు తెలీదు అని ఎంత చెప్పినా ఇనరు. వాళ్లకు ఈడ అని చెయ్యి చూపించే మనిషి ఒగడు కావల్ల. నేను గాకపోతే ఇంగొకడు చూపిస్తాడు, అంతే గదా." తోట వైపు తల తిప్పి అన్నాడు. "వీరభద్ర తోటలో రెండు చోట్ల చూపిస్తి. ఆ రెండు బెజ్జాల పక్కగా నడిచినపుడంతా తల దించుకోనే పోతాండా."

మునీంద్ర ఊడిన వైరుని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"మీ యక్కకు చెప్తావా?"

"చెప్పల్ల మామా. చెప్పకుంటే ఎట్ల?"

"పసుపు సంగతి గూడా?"

గోపన్న లేచి, రాతిపిండి కుప్ప చుట్టూ తిరిగి వెళ్లకుండా, దాని మీదగానే కాళ్లీడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

మునీంద్ర పసుపు గీకి, వైరు లోపలికి తోసి, స్క్రూ గట్టిగా బిగించాడు. ముందు స్నానాల గది నీళ్లు పారే చోట కడ్డీలు దిగ్గొట్టి చూశాడు. ఐదు వందల నలభై. చెయ్యి దగ్గరికి పెట్టాడు. అంకె కదల్లేదు. దసరా తర్వాత ఇదే మొదటిసారి పెట్టె నిజం చెప్పడం. దాన్ని పట్టుకుని తోటలోకి వెళ్లాడు. వరస వరసకీ కడ్డీలు దిగ్గొట్టాడు. పన్నెండు. పదకొండు. పద్నాలుగు. ఇంకో వరస. పన్నెండు. చేతులు బొబ్బలెక్కాయి. ఇది చెప్పేది పైన యాభై అడుగుల సంగతే అని తెలిసీ, కింద ఏముందో దీనికీ తనకీ ఎవరికీ తెలియదని తెలిసీ, కొడుతూనే ఉన్నాడు. ఒక్కచోట, ఒక్కచోట ఇరవై వచ్చినా చాలు అన్నట్టు. రాలేదు.

పొద్దు వాలుతుండగా శివలీల వచ్చింది. సుత్తి చప్పుడు విని లేచొచ్చినట్టుంది. జుట్టు రేగిపోయి ఉంది, కళ్లలో మాత్రం మళ్లీ ఆశ. ఆ ఆశ చూసి మునీంద్ర భయపడ్డాడు.

"మల్ల చూస్తాండావా మునీ? యాడన్నా చూపిచ్చిందా?"

"లేదక్కా."

"మీ బావ రంపమోళ్లతో మాట్లాడొచ్చినాడు. పొద్దున్నే వస్తారంట. నేను కాళ్లు పట్టుకున్నంత పని చేసినా. పెట్టె ఇంగోచోట చూపిస్తే ఆగుతా, చూపీకపోతే ఆగనన్నాడు. ఇంగో బోరుకు నా గాజులుండాయి. చూడు నాయనా, ఇట్ల ఇయ్యి, నేను పట్టుకుంటా."

పెట్టె అతని చేతిలోంచి తీసుకుని, ఆ రోజు లాగానే రెండు చేతులతో హత్తుకుని నిలబడింది. తెర మీద పన్నెండు. ఎదురుచూసింది. పన్నెండే. కొంచెం ముందుకు జరిగి నిలబడింది. పన్నెండే.

"ఆపొద్దు నా చేతుల్లోనే గదా అంత ఎక్కె. ఇయ్యాల నన్ను గుర్తుపట్టలేదా ఇది? నేనేమన్నా తప్పు చేస్తినా? తలకు పోసుకోకుండా ముట్టుకుంటినా?"

ఈ మాటకి అతను తట్టుకోలేకపోయాడు. "నీ తప్పేం లేదక్కా. తప్పు నాది. ఆపొద్దు వైరు ఊడిపోయి ఉండె. పెట్టె నేలను చూడనే లేదు. వైరు ఊడితే తెలియాలంటే లోపల ఒక రూపాయి వస్తువు పెట్టల్ల. నేను పెట్టలేదు. మర్చిపోలేదక్కా, రేపు పెడదాంలే అనుకుంటి."

శివలీల వింది. అర్థం చేసుకోవడానికి కష్టపడింది. తర్వాత, ఎంతో నెమ్మదిగా, బుజ్జగించినట్టు అడిగింది. "అయితే ఆ రూపాయిది ఇప్పుడు పెట్టు. అప్పుడన్నా చూపిస్తాదేమో."

"పెట్టినా నీళ్లు రావక్కా. లేవని సక్కంగా చెప్తాది, అంతే."

ఆవిడ చెట్ల వైపు చూసింది. మళ్లీ పెట్టెని చూసింది.

"నేలను చూడకుంటే మరి ఆ ఆరు వందలు యాడియి?"

"గాలి."

"గాలైతే నేను పట్టుకున్నప్పుడే ఎందుకెక్కె?"

మునీంద్ర తల దించుకున్నాడు. ఆవిడ తన చేతుల వైపు చూసుకుంది. చదువుకోలేదు గానీ శివలీల మొద్దు కాదు. తెలివిగల మనిషికి ఈ లోకంలో దెబ్బ రెండింతలు తగులుతుంది.

"ఆ వైరు ఎప్పుడూడె?"

"బస్సులో ఊడిండాల. కుదుపులు శానా గదా" అన్నాడు అతను. అన్నంతసేపూ ఆవిడ మొహం చూడలేదు. అదే అతను చేసిన తప్పు. చిన్నప్పుడు బెల్లం దొంగతనం చేసినప్పుడు కూడా ఇట్లాగే నేల చూపులు చూసేవాడు. ఆవిడ ఎన్నడూ మోసపోలేదు.

శివలీల పెట్టెని వాలు వెలుతురులోకి తిప్పింది. పచ్చ దిమ్మె మీద వేలు పెట్టి తడిమింది. అతను ఎంత గీకినా మూడో బెజ్జం అంచున ఇంకా రవ్వంత మిగిలే ఉంది. గోరుతో తీసి చూసుకుంది. పసుపు.

"తడిబట్టతో తుడిచింది నేనే గదా" అంది.

మునీంద్ర కాదని అరవాలనుకున్నాడు, అక్క కాళ్ల మీద పడాలనుకున్నాడు, ఏదీ చేయలేకపోయాడు. ఆమె ఏడవలేదు. వేలికంటిన పసుపుని కొంగుకి తుడుచుకుంది. పెట్టెని అతని చేతిలో పెట్టి, ఇంటి వైపు తిరిగి, "ఏమయ్యా, రమ్మను వాళ్లను" అని మొగుడికి వినపడేలా ఒక్క మాట చెప్పింది.

తెల్లారి ఆరింటికే ముగ్గురు మనుషులు రెండు రంపం మిషన్లతో వచ్చారు. మూరెడు పొడవు రంపానికి నూనె పోసి, తాడు లాగి మోత పుట్టించి, మళ్లీ ఆపారు. వాళ్లలో పెద్దవాడు మర్యాదస్తుడే. ఎన్నో తోటలు కోసినవాడు, ఇంటివాళ్లని అడక్కుండా మొదటి చెట్టు ముట్టుకోడంట. "అమ్మా, ఏ మూల నుంచి మొదలుపెట్టమంటావు?" అని అడిగాడు.

వీరభద్ర ఇంటి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. శివలీల స్నానం చేసి, తల దువ్వుకుని, ఎక్కడికో ప్రయాణమైనట్టు గట్టు మీద నిలబడి ఉంది. చెట్లని ఒక్కసారి ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. పక్కనే సంచీ భుజానేసుకుని నిలబడ్డ తమ్ముడి వైపు తిరిగింది. ఆ గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అతను చిన్నప్పుడు ఏ పని చెప్పినా అదే గొంతు.

"నా చేత గాదు మునీ. నువ్వే చూపించు."

రంపం మనిషి మునీంద్ర వైపు చూశాడు. వీరభద్ర కూడా తల తిప్పి చూశాడు. మునీంద్ర చెయ్యెత్తి, రాతిపిండి కుప్ప ఉన్న ఈశాన్యం మూల చూపించాడు.